వచ్చినవాడి లెక్కలో పోయినవాడు

అనగనగా టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ అనే ఊళ్ళో ఓ పెద్ద యూనివర్సిటీ. డబ్బుకి కొదవ లేదు, పేరుకి కొదవ లేదు. లక్షమంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. ఆట ఉన్న శనివారం ఊరంతా ముదురు నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని అటే నడిచేది. బాస్కెట్‌బాల్ కూడా ఆడేవాళ్ళు. ఫుట్‌బాల్ అయిపోయాక, చలికాలం సాయంత్రాలు ఏమీ తోచనప్పుడు జనం దాన్నీ చూసేవాళ్ళు.

ఆ బాస్కెట్‌బాల్ జట్టుకి 1998లో రిక్ బార్న్స్ అనే కోచ్ వచ్చాడు. నార్త్ కరోలినాలో హికరీ అనే ఊరివాడు. అంతకుముందు క్లెమ్సన్ యూనివర్సిటీలో చేశాడు.

ఇక్కడ కథ కాసేపు ఆపి ఒక సంగతి చెప్పాలి. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏడాదంతా ఆడేది ఒక ఎత్తు, మార్చిలో జరిగే ఎన్‌సీఏఏ టోర్నమెంట్ ఒక్కటీ ఒక ఎత్తు. పై అంచె జట్లు 350కి పైగా ఉంటే, 2025 మార్చిలో పిలుపు వచ్చింది 68 జట్లకి. ఒక్క మ్యాచ్ ఓడితే పెట్టె సర్దుకోవడమే. 16 జట్లు మిగిలితే దాన్ని స్వీట్ సిక్స్‌టీన్ అంటారు, 8 మిగిలితే ఎలైట్ ఎయిట్, 4 మిగిలితే ఫైనల్ ఫోర్. నాలుగు నెలలు చెమటోడ్చిన జట్టు బతుకంతా నలభై నిమిషాల్లో తేలిపోతుంది. ఆ నలభై నిమిషాల్లోనూ ఒక్కోసారి ఆఖరి నాలుగు సెకన్లలో.

బార్న్స్ టెక్సాస్‌లో 17 సీజన్లున్నాడు. 16 సార్లు పిలుపొచ్చింది. 402 మ్యాచ్‌లు గెలిచాడు, 180 ఓడాడు. ఆ యూనివర్సిటీ పురుషుల జట్టుకి అన్ని గెలుపులు తెచ్చిన కోచ్ ఇంకొకరు లేరు. 2003లో ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్ళాడు. అంతకుముందు టెక్సాస్ అక్కడికి వెళ్ళింది 1947లో. తాతలు చూసింది మనవలు చూశారన్నమాట. 2006లో, 2008లో ఎలైట్ ఎయిట్ దాకా వెళ్ళాడు. కెవిన్ డ్యురాంట్ అనే పొడుగాటి కుర్రాడు ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ లీగ్‌కి పోయేముందు ఒకే ఒక్క సీజన్ కాలేజీలో ఆడితే, అది ఈయన దగ్గరే.

మొదట్లో ప్రతి మార్చిలోనూ పిలుపు వస్తే ఊరు సంబరపడింది. పదేళ్ళు గడిచేసరికి పిలుపంటే జీతంలాంటిదైపోయింది. ఒకటో తారీఖున పడుతుంది, పడ్డందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. ‘పిలుపు సరే, గెలుపేదీ?’ అనడం మొదలుపెట్టారు.

అనడానికి కారణమూ లేకపోలేదు. 2008 తర్వాత టెక్సాస్‌లో ఆయన జట్టు స్వీట్ సిక్స్‌టీన్ మొహం చూడలేదు. 2009-10 సీజన్లో వరసగా 17 మ్యాచ్‌లు గెలిచి, యూనివర్సిటీ చరిత్రలోనే మొదటిసారి దేశంలో నంబర్ వన్ అయ్యారు. ఆ తర్వాతి 17లో పది ఓడారు. అంత ఎత్తునుంచి అలా జారిన జట్టుని చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

2011 మార్చి 20 సంగతి అయితే ఇప్పటికీ మానని పుండు. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో అరిజోనాతో మ్యాచ్. టెక్సాస్ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గడియారంలో 14.5 సెకన్లు మిగిలాయి. బంతి కూడా వీళ్ళదే. చేయాల్సిందల్లా గీత అవతల నుంచి బంతిని లోపల ఉన్న తమవాడికి అందించడం. దానికి అయిదు సెకన్ల గడువు. రిఫరీ పక్కన నిలబడి చేయి ఊపుతూ లెక్కపెడుతున్నాడు. బంతి పట్టుకున్న కుర్రాడికి ఖాళీగా ఎవరూ దొరకలేదు. టైమౌట్ అడిగేసరికి గడువు దాటిందని ఈల పడింది. బంతి అరిజోనాకి పోయింది. వాళ్ళ డెరిక్ విలియమ్స్ ఫౌల్ దెబ్బ తింటూనే బాస్కెట్ వేసి, పైన ఫ్రీ త్రో కూడా వేశాడు. 70-69. నిజంగా అయిదు సెకన్లు అయ్యాయా, నాలుగున్నరకే ఈల పడిందా అని ఆ జట్టు అభిమానులు తలుచుకున్నప్పుడల్లా వాదించుకుంటారు. వాదన రిఫరీ మీద మొదలై కోచ్ మీద తేలేది. ‘అయిదు సెకన్లలో బంతి అందించడం నేర్పలేడా?’

2012-13లో 16 గెలుపులు, 18 ఓటములు. ఆ ఒక్క ఏడే పిలుపు రాలేదు. 2015లో బట్లర్ చేతిలో మొదటి మ్యాచ్‌లోనే ఓటమి. సహాయక కోచ్‌లని మార్చమని పైవాళ్ళు అడిగితే బార్న్స్ ఒప్పుకోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఏమైతేనేం, ఆ మార్చి నెలాఖరుకి ఆయన్ని పంపించేశారు. అప్పటికి ఆయనకి 60 ఏళ్ళు.

ఇప్పుడు కొత్త కోచ్ రావాలి. వచ్చినవాడు మామూలువాడు కాదు. షాకా స్మార్ట్. వయసు 37. 2011లో వర్జీనియా కామన్‌వెల్త్ అనే, దేశంలో సగం మంది పేరు కూడా వినని యూనివర్సిటీ జట్టుని, టోర్నమెంట్‌లో ఆఖరి తలుపు దగ్గర నిలబెట్టిన జట్టుని, ఏకంగా ఫైనల్ ఫోర్‌కి లాక్కెళ్ళినవాడు. ఆయన ఆటకి ‘హావక్’ అని పేరు. అంటే విధ్వంసం. ఎదుటివాడు బంతి ముట్టుకోగానే కోర్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా మీద పడిపోవడమే. పెద్ద పెద్ద యూనివర్సిటీలు కబురు పెడితే వద్దని కూర్చున్నవాడు, టెక్సాస్ అడిగేసరికి సరేనన్నాడు. ఊరు పండగ చేసుకుంది.

మొదటి ఏడాది బార్న్స్ తెచ్చిన కుర్రాళ్ళతోనే పిలుపు సంపాదించాడు. ఆ మార్చిలో నార్తర్న్ అయోవా అనే జట్టుతో స్కోరు సమానంగా ఉండగా, అవతలి కుర్రాడు కోర్టు మధ్య నుంచి విసిరిన బంతి ఆఖరి క్షణంలో వెళ్ళి బాస్కెట్‌లో పడింది. 75-72. దాన్ని దురదృష్టం అన్నారు, నిజమే. మరుసటేడు 11 గెలుపులు, 22 ఓటములు. బార్న్స్ 17 ఏళ్ళలో ఎన్నడూ అంత కింద పడలేదు. 2018లో నెవాడా మీద 14 పాయింట్లు ముందుండి, ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడారు. 2019లో పిలుపు రాలేదు. ఎన్ఐటీ (వరంగల్‌ది కాదు, పిలుపు రాని జట్లు ఆడుకునే టోర్నమెంట్) గెలిచి సర్దుకున్నారు. 2020లో కోవిడ్ వచ్చి టోర్నమెంటే లేకుండా పోయింది.

2021లో ఎట్టకేలకి అదృష్టం తిరిగిందనుకున్నారు. తాముండే బిగ్ 12 కాన్ఫరెన్స్ (ఏటా తమలో తాము ఆడుకునే జట్ల కూటమి) టోర్నమెంట్ గెలిచారు. టెక్సాస్‌కి అది మొట్టమొదటిసారి. బార్న్స్ కూడా తేలేకపోయిన కప్పు అది. వారం తిరిగింది. మార్చి 20 వచ్చింది, అరిజోనా మ్యాచ్‌కి సరిగ్గా పదేళ్ళు. ఎదురు నిలబడింది అదే రాష్ట్రంలోని అబిలీన్ క్రిస్టియన్ అనే చిన్న యూనివర్సిటీ, పై అంచెలోకి వచ్చి పదేళ్ళు కూడా కానిది. టెక్సాస్ 23 సార్లు బంతి పోగొట్టుకుంది. మీద పడి ఎదుటివాడి బంతి లాక్కోవడంలో పేరుపడ్డ కోచ్ జట్టు అది. అయినా ఒక పాయింట్ ముందే ఉంది. 1.2 సెకన్లు ఉండగా ఫౌల్. ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చిన కుర్రాడు పదిలో నాలుగు తప్పేవాడు. ఆ రాత్రి రెంటికి రెండూ వేశాడు. 53-52.

ఆరేళ్ళలో మూడు పిలుపులు, మూడు ఓటములు. మార్చి టోర్నమెంట్‌లో ఒక్క గెలుపూ లేదు. మొత్తం లెక్క 109 గెలుపులు, 86 ఓటములు. బార్న్స్ నూటికి 69 గెలిస్తే స్మార్ట్ గెలిచింది 56. ఆ నెలలోనే అతను ఆస్టిన్ వదిలి మిల్వాకీ పోయి, మార్కెట్ యూనివర్సిటీలో చేరాడు.

మరి బార్న్స్ ఏమయ్యాడు? టెక్సాస్ వాళ్ళు పంపిన కొద్ది రోజులకే నాక్స్‌విల్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెనెసీ వాళ్ళు పిలిచి కుర్చీ వేశారు. మూడో ఏడు కాన్ఫరెన్స్‌లో ఆఖరివరసలో ఉంటారని జోస్యం చెప్పిన జట్టుతో టైటిల్ పంచుకున్నాడు. నాలుగో ఏడు 31 గెలిచి, దేశంలో నంబర్ వన్‌గా వారాల తరబడి నిలిచాడు. ఆస్టిన్‌లో అభిమానులు టీవీ ముందు కూర్చుని వేరే రంగు చొక్కా తొడుక్కున్న పాత కోచ్‌ని చూసి, ‘ఈయన్నా మనం వద్దనుకున్నది?’ అని ముక్కున వేలేసుకున్నారు.

కథ ఇంతే. ఇక నీతి.

పేచీ అంతా ఇక్కడే ఉంది. ఈ కథ విన్నవాడు ఎవడైనా రెండు నీతులు ఠక్కున చెప్పేస్తాడు. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అని ఒకటి. ‘చచ్చినవాడి కళ్ళు చారెడు’ అని రెండోది. మొదటిది ఊరిని తిడుతుంది, రెండోది ఊరి పశ్చాత్తాపాన్ని వెక్కిరిస్తుంది. రెండిట్లోనూ కాస్త నిజం ఉంది. నాకు మాత్రం రెండూ చాలవనిపిస్తుంది.

ఈ కథ చెప్పే నీతి నా లెక్కన ఇది: ఒక మనిషి చేసిన పనిని, ఆయన తర్వాత వచ్చినవాడి పనితో తూచకూడదు.

తూచడం మనకి అలవాటు. స్మార్ట్ ఓడాడు కాబట్టి బార్న్స్ గొప్పవాడని ఆస్టిన్ తేల్చుకుంది. మరి స్మార్ట్ గెలిచి ఉంటే? అయోవా కుర్రాడు విసిరిన బంతి ఇనుప చుట్టుకి తగిలి బయట పడి ఉంటే, ఫ్రీ త్రోలలో ఒక్కటి తప్పి ఉంటే, బార్న్స్ తెచ్చిన ఆ 402 గెలుపుల్లో ఒక్కటైనా తగ్గేదా? 2015లో ఆయన్ని పంపిన రోజునే ఆ 16 పిలుపులూ కాగితం మీద ఉన్నాయి. ఎవరూ దాచలేదు. వాటి విలువ కట్టడానికి ఇంకొకడు వచ్చి విఫలం కావాల్సిన పని లేదు. అలా కట్టిన విలువ బార్న్స్‌కి మర్యాదా కాదు, స్మార్ట్‌కి న్యాయమూ కాదు.

ఆయన్ని పంపడమే తప్పని నేననను. ఏడేళ్ళు స్వీట్ సిక్స్‌టీన్ లేదు, అంత డబ్బున్న చోట. మార్పు కావాలనుకోవడంలో అన్యాయం ఏముంది? లెక్క వేసిన తీరు మాత్రం తప్పు. రానిదంతా కోచ్ ఖాతాలో రాశారు, వచ్చిందంతా ఊరి ఖాతాలో రాసుకున్నారు. ఎవరొచ్చినా ఏటా పిలుపు ఎలాగూ వస్తుంది, ఇది టెక్సాస్ కదా, కొత్తవాడు దాని మీద నాలుగు మెట్లు ఎక్కిస్తే చాలనుకున్నారు. ఆ ‘ఎలాగూ’ని ఒక మనిషి ఏడాదికోసారి కొత్తగా కష్టపడి తెస్తున్నాడన్నది వాళ్ళ లెక్కలో లేదు. స్మార్ట్ ఓటములు బార్న్స్ గొప్పతనాన్ని పెంచలేదు. ఈ ‘ఎలాగూ’ వట్టిదని మాత్రం బయటపెట్టాయి.

ఇంకో మెలిక ఉంది. అభిమానులు తలుచుకుని కుమిలిన బార్న్స్ వాళ్ళ దగ్గరున్న బార్న్స్ కాడు. టెక్సాస్‌లో చివరి ఏళ్ళలో ఆయన జట్లకి తళుకు తెచ్చింది ఒక్క ఏడాది ఆడి ఎన్‌బీఏకి ఎగిరిపోయే పిల్లలు. ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలిసేది కాదు. నాక్స్‌విల్‌లో ఆయన్ని పైకి తెచ్చింది గ్రాంట్ విలియమ్స్, అడ్మిరల్ స్కోఫీల్డ్ లాంటివాళ్ళు. పెద్ద యూనివర్సిటీలు ఎగబడని కుర్రాళ్ళు, మూడేళ్ళు నాలుగేళ్ళు ఒకే చోట ఉండి ముదిరినవాళ్ళు. అక్కడ మొదటి రెండేళ్ళూ 15-19, 16-16. ఆస్టిన్‌లో ఆ అంకెలు చూపిస్తే రెండో ఏడు దాటనిచ్చేవాళ్ళా? నాక్స్‌విల్ ఓపిక పట్టింది, ఆయన మారాడు, ఫలితం వచ్చింది. పోకుండా ఉంటే ఆ మార్పు వచ్చేదో లేదో ఎవరు చెప్పగలరు?

నాక్స్‌విల్ వాళ్ళకి పుట్టుకతో వచ్చిన ఓపికేం కాదులెండి. 2011లో బ్రూస్ పెర్ల్ అనే కోచ్‌ని, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ విచారణలో అబద్ధం చెప్పిన గొడవ మీద తీసేశారు. తర్వాత వచ్చిన కువాంజో మార్టిన్ ఉండగానే, ‘మా పెర్ల్‌ని మాకు తెచ్చివ్వండి’ అని వేలమంది సంతకాలు పెట్టారు. అది 2014. ఆ మార్చిలోనే మార్టిన్ జట్టుని స్వీట్ సిక్స్‌టీన్‌కి తీసుకెళ్ళాడు, ఆ తర్వాత ఇక మీకో దండం అన్నట్టు కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. పెర్ల్ రాలేదు, ఆబర్న్‌లో చేరాడు. వచ్చిన ఇంకొకాయన ఒక్క సీజన్‌కే పోయాడు. ఇన్ని ఎదురుదెబ్బలు తిన్నాక వాళ్ళ గుమ్మంలోకి బార్న్స్ వచ్చాడు. వాళ్ళ ఓపిక కొంత అలసటే అయి ఉంటుంది. అయినా మంచిదే.

స్మార్ట్ కథా అక్కడితో అయిపోలేదు. 2022-23లో మార్కెట్ జట్టు తన కాన్ఫరెన్స్‌లో తొమ్మిదో స్థానంలో ఉంటుందని సీజన్‌కి ముందు అంచనా వేశారు. అతను కాన్ఫరెన్స్ టైటిల్‌తో పాటు కాన్ఫరెన్స్ టోర్నమెంట్ కప్పూ గెలిచాడు. అసోసియేటెడ్ ప్రెస్ ఆ ఏటి ఉత్తమ కోచ్ అంది. ఆస్టిన్‌లో పనికిరాడనిపించుకున్న మనిషే. చేయి పోలేదు, చోటు మారింది. ఈ మాట బార్న్స్‌కీ వర్తిస్తుందని ఒప్పుకుంటే ‘ఎవరు గొప్ప’ అన్న పందెమే అర్థం లేకుండా పోతుంది. అభిమానులకి ఇది నచ్చదు. పందెం లేకపోతే చలికాలం ఎలా గడుస్తుంది?

బార్న్స్ విషయంలో ఒకటి మరిచిపోకూడదు. టెనెసీకి 2024లో, 2025లో వరసగా ఎలైట్ ఎయిట్ దక్కింది కానీ, రెండుసార్లూ ఫైనల్ ఫోర్ గుమ్మం ముందే ఆగిపోయారు. అంటే 2015లో ఆస్టిన్‌లో వినిపించిన ఫిర్యాదు పూర్తిగా అబద్ధం కాదు. ఏటా మార్చి దాకా తీసుకొస్తాడు, మార్చి చివరికి తీసుకెళ్ళలేకపోతున్నాడు. కొత్త మోజులో ఆ మొదటి సగాన్ని మరిచిపోవడం ఎంత తప్పో, ఇప్పుడు పాత మమకారంలో రెండో సగాన్ని చెరిపేయడమూ అంతే తప్పు.

2024 మార్చిలో షార్లట్‌లో టెనెసీ, టెక్సాస్ ఎదురుపడ్డాయి. టెనెసీ 62-58తో గెలిచింది. టెక్సాస్ బెంచ్ మీద అప్పుడు కోచ్ రాడ్నీ టెర్రీ. 2002 నుంచి 2011 దాకా అదే టెక్సాస్‌లో బార్న్స్ కింద సహాయక కోచ్‌గా చేసినవాడే. స్మార్ట్ తర్వాత వచ్చిన క్రిస్ బేర్డ్‌ని ఆటతో సంబంధం లేని వ్యవహారంలో సీజన్ మధ్యలో తీసేస్తే, టెర్రీ జట్టుని చేతిలోకి తీసుకుని ఆ ఏడే, 2023లో, ఎలైట్ ఎయిట్‌కి లాక్కొచ్చాడు. 2008 తర్వాత టెక్సాస్ అంత దూరం వెళ్ళడం అదే. రెండేళ్ళు తిరక్కుండానే అతన్నీ పంపేశారు. 2025 మార్చిలో జేవియర్ యూనివర్సిటీ చేతిలో 86-80తో ఓడాక.

ఆ ఓటమి అయిన వారంలోపే, జేవియర్ జట్టు కోచ్ షాన్ మిల్లర్‌నే టెక్సాస్ తెచ్చుకుంది. 2011లో టల్సాలో అయిదు సెకన్ల ఈల పడినప్పుడు అరిజోనా బెంచ్ మీదున్న కోచ్ కూడా ఈయనే. టెక్సాస్ ఇప్పుడు టెనెసీ ఉన్న కాన్ఫరెన్స్‌లోకే మారింది. కాబట్టి అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవడానికి అభిమానులు మార్చి దాకా ఆగక్కర్లేదు.